పెద్దవాళ్ల దగ్గర పని: గోదావరి జిల్లాల్లో కేర్‌టేకర్లు, ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం చుట్టుపక్కల 19 ఏళ్లుగా పెద్దవాళ్ల దగ్గర పనిచేస్తున్నాను. మొదట నర్సింగ్ హోములో ఆయాగా చేశాను, తర్వాత ఇళ్లకి వెళ్లడం మొదలుపెట్టాను. ఇప్పుడు కొత్తగా వచ్చే అమ్మాయిలకి, అడపాదడపా అబ్బాయిలకి కూడా పని నేర్పుతున్నాను. వాళ్లు అడిగేవి, ఇంటివాళ్లు ఫోన్ చేసి అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాను. మందుల సంగతి మాత్రం డాక్టరునే అడగండి.

ట్రైనింగులో "ఎంపతీ ఉండాలి, ఎంపతీ ఉండాలి" అంటారు. అంటే జాలేనా?

జాలి కాదు. పుస్తకాల్లో సానుభూతి వేరు, సహానుభూతి వేరు అని రాస్తారు. ఎంపతీ అంటే ఆ రెండోది. మా పనిలో ఎవరి నోటా ఆ మాట రాదు. "మనసెరిగి చేస్తుందండీ" అంటారు, నాకూ అదే బావుంటుంది. జాలి పడ్డానికి ఎదుటివాళ్ల గురించి ఏమీ తెలియక్కర్లేదు. మనసెరగాలంటే కూర్చుని తెలుసుకోవాలి.

ఒక ఇంట్లో పెద్దావిడ, 80 దాటాయి. స్నానం అంటే చాలు, వీధి చివరిదాకా కేకలు. నాకంటే ముందు ఇద్దరు మానేసి వెళ్లిపోయారు. "మొండిఘటం అండీ" అని కోడలుగారు ముందే చెప్పింది. మూడు రోజులు నేనూ అలాగే అనుకున్నాను. చెంబుతో నెత్తిన నీళ్లు పొయ్యగానే ఆవిడ రెండు చేతులూ గాల్లోకి లేపి దేన్నో పట్టుకోబోయేది. ఊపిరందనట్టు నోరు తెరిచేది. నాలుగో రోజు బాత్రూమ్ మాటెత్తకుండా, "మీ చిన్నప్పుడు స్నానం ఎక్కడండీ?" అని అడిగాను. "ఎక్కడేమిటే, కాలవలోనే. రేవులో మెట్టు మెట్టూ దిగేవాళ్లం" అంది.

కాలవలో దిగే మనిషికి ముందు పాదాలు తడుస్తాయి. తర్వాత మోకాళ్లు, ఆపైన నడుం. తల ఆఖరికి. మేమేమో ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూలేసి ముందే నెత్తిన కుమ్మరిస్తున్నాం. మర్నాడు భుజాల మీద తువ్వాలు కప్పి, గోరువెచ్చటి నీళ్లు ముందు పాదాల మీద పోశాను. ఒక చెంబు పోసి ఆగాను. ఇంకో చెంబు పోశాను. మోకాళ్ల దాకా వచ్చేసరికి చెంబు ఆవిడే అడిగి తీసుకుంది. తల ఆ రోజు తడపలేదు, శుక్రవారానికి వాయిదా వేశాం.

ఇందులో నా మంచితనం ఏమీ లేదు. మొదటి రోజు అడగాల్సిన మాట నాలుగో రోజు అడిగాను.

అది పుట్టుకతో రావాలి గానీ నేర్పితే వస్తుందా?

చాలావరకు వస్తుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లకి మొదటిరోజు పాఠం చెప్పను. కళ్లద్దాలకి కొబ్బరినూనె రాసి పెట్టుకోమంటాను. చెవుల్లో దూది, చేతులకి మందపాటి రబ్బరు తొడుగులు, చెప్పుల్లో గుప్పెడు శనగపప్పు. అలా వాకిట్లోకి నడిచొచ్చి, స్ట్రిప్పులోంచి చిన్న మాత్ర తీసి చూపించమంటాను. నవ్వుతూ మొదలుపెడతారు. మాత్ర కిందపడి మంచం కిందికి దొర్లేసరికి నవ్వు ఆగిపోతుంది. నేను వెనకనుంచి "తొందరగా కానివ్వండీ, ఇంకా ఎంతసేపు" అంటూ ఉంటాను. కావాలనే.

తర్వాత ఒకళ్లకొకళ్లు జావ తినిపించుకోవాలి. ఒకమ్మాయి అరగ్లాసు జావ నిమిషంన్నరలో పెట్టేశానని గొప్పగా చెప్పింది. తన వంతు వచ్చేసరికి రెండో చెంచాకే చెయ్యి అడ్డంపెట్టింది. పెట్టేవాళ్లకి గిన్నె కనిపిస్తుంది. తినేవాళ్లకి కనిపించేది ఎదురుగా వస్తున్న చెంచానే.

దూది పాఠంలో ఇంకో సంగతి తెలుస్తుంది. వయసుతో వచ్చే చెవుడులో సన్నటి గొంతులు, స, ష లాంటి శబ్దాలు ముందు పోతాయి. అందుకే మనం కీచుగా అరిచినకొద్దీ వాళ్లకి గోల పెరుగుతుందే గానీ మాట అందదు. ఎదురుగా వచ్చి, వెలుతురు మన మొహం మీద పడేలా నిలబడి, గొంతు దించి నిదానంగా చెప్పాలి. తాతగారు వినిపించుకోడు అని నా దగ్గర ఫిర్యాదు చేసేవాళ్లలో సగం మంది వెనకనుంచి మాట్లాడేవాళ్లే.

ఏమని పిలవాలి?

అడిగి పిలవండి. మన వైపు అమ్మమ్మగారు, మావయ్యగారు, పెద్దమ్మగారు ఏది పిలిచినా పలుకుతారు. కానీ 35 ఏళ్లు పాఠం చెప్పినాయన్ని తాతా అంటే మనసు చివుక్కుమంటుంది, ఆయన మాస్టారు. వేలుపట్టి నడిపించాల్సిన స్థితిలో ఉన్నా "రండి, కూర్చోండి" అనే అనాలి. మంచంలో ఉన్నారు కదా అని "ఏరా బుజ్జీ, ఆం తిందామా" అంటూ చంటిపిల్లల మాటలు మాట్లాడే కేర్‌టేకర్లున్నారు. ముద్దుగానే అంటారు. విని కళ్లు మూసుకున్న పెద్దాయన్ని చూశాను, నిద్రొచ్చి కాదు.

వెటకారం మాత్రం మానక్కర్లేదు. గోదారి మనిషికి అది కూడా మర్యాదే. "ఇవాళ పెళ్లిచూపులా ఏంటండీ, ఇంత శుభ్రంగా గడ్డం చేయించుకున్నారు" అంటే ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తింటారు. ఎదుటివాళ్లు తిరిగి ఒక చురక వేసేటట్టు ఉండాలి, అప్పుడే అది వెటకారం. వాళ్లకి జవాబు చెప్పే ఓపిక లేనప్పుడు మనం విసిరేది ఎగతాళి.

మతిమరుపు ఉన్న అమ్మమ్మగారు రోజూ సాయంత్రం "ఇంటికెళ్లిపోతా" అని మూట కడుతున్నారు. ఏం చెప్పాలి?

ముందు, ఇది మొండితనం కాదని మీరు నమ్మాలి. మతిమరుపు జబ్బు ఉన్న చాలామందికి పొద్దుగూకేవేళ కంగారు ఎక్కువవుతుంది. వెలుతురు తగ్గుతుంది, నీడలు పొడుగవుతాయి, ఒంట్లో అలసట ఉంటుంది. చీకటి పడకముందే లైట్లు వెయ్యండి. మధ్యాహ్నం మరీ ఎక్కువ పడుకోనివ్వకండి. నాలుగున్నరకి చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. చిక్కుళ్లు ఒలవడం, పువ్వులు కట్టడం, ఏదైనా సరే.

ఏం చెప్పాలన్న దానికి నా తప్పు ఒకటి చెప్తాను. ఒకావిడ పుట్టిల్లు గోదారి అవతల, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి వెళ్లాలి. రోజూ సాయంత్రం రెండు చీరలు, దువ్వెన మూటగట్టుకుని "పంటు దాటాలి, పొద్దుపోతే ఆపేస్తారు" అని గుమ్మంలో నిలబడేది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కినవాళ్లకి తెలుస్తుంది ఆ తొందర. నేను తెలివి ప్రదర్శించి, "పంటు వెళ్లిపోయిందండీ, రేపు పొద్దున్నే మొదటి పంటుకి వెళదాం" అన్నాను. ఆవిడ సరే అంది. గెలిచానని అనుకున్నాను. ఆవిడ ఆ రాత్రి పడుకోలేదు. మొదటి పంటు తప్పిపోతుందేమోనని మూట ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ మంచం మీద కూర్చుంది.

ఆ తర్వాత పంటు సంగతి నేను ఎత్తలేదు. "ఇంట్లో ఎవరెవరుంటారండీ?" అని అడిగేదాన్ని. వాళ్ల అమ్మ, ఒక కర్రి ఆవు, వాకిట్లో పనస చెట్టు. చెప్పుకుంటూ కూర్చునేది, మూట ఎప్పుడో పక్కకి జారేది. అడిగేది ఇల్లే, కావాల్సింది ఇంట్లో ఉన్నప్పటి నిబ్బరం. కొన్ని రోజులు ఇదీ పనిచెయ్యదు. అప్పుడు చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిచి రండి.

చనిపోయిన భర్త ఎక్కడని అడిగితే ప్రతిసారీ "పోయారు కదండీ" అనకండి. మనకది పాత కబురు, ఆవిడకి అప్పుడే అందిన కబురు. "ఆయన గురించి చెప్పండి" అంటే చాలు. ఇది అబద్ధమాడ్డం కాదా అని వాదించేవాళ్లున్నారు. నేను అబద్ధం చెప్పమనడం లేదు. అడగని నిజాన్ని రోజుకి పదిసార్లు గుచ్చొద్దంటున్నాను.

నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఒక్కసారిగా తికమక పడితే?

అది మతిమరుపు అనుకుని ఊరుకోకండి. మతిమరుపు నెలలు, ఏళ్ల మీద వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతే ఒంట్లో ఏదో జరుగుతున్నట్టు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా వేసిన మాత్ర, షుగర్ పడిపోవడం, రక్తంలో ఉప్పు తగ్గడం, ఏదైనా కావచ్చు. మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా మాత్రం నిమిషం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. వయసు మీద పడ్డాక దాహం వెయ్యడం తగ్గుతుంది. అడిగినప్పుడు ఇద్దాంలే అనుకుంటే మన ఉక్కకి మనిషి వడలిపోతాడు. గుండె, కిడ్నీ జబ్బులకి డాక్టరు నీళ్లు కొలిచి ఇవ్వమంటే తప్ప, గంటకోసారి నాలుగు గుక్కలు పట్టించండి. నీళ్లు వద్దంటే పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి కొబ్బరినీళ్లు డాక్టరుని అడక్కుండా ఇవ్వకండి. కోనసీమలో ఇంటింటా చెట్టుంది కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను.

షుగర్ ఉంది, పూతరేకులు కావాలంటున్నారు. ఇవ్వాలా వద్దా?

ఇది మీరొక్కరే తేల్చే విషయం కాదు. డాక్టరుతో, ఇంటివాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి, ఆ మాట నోటుబుక్కులో రాసుకోండి. ఆత్రేయపురం పక్కన పుట్టి పెరిగిన మనిషికి 84 ఏళ్లొచ్చాక సగం పూతరేకు కూడా దక్కకూడదంటే నా మనసొప్పదు. ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరే చెప్తారు. మీరు చెయ్యకూడనిది ఒకటుంది. ఆయన చూస్తుండగా ఎదురుగా కూర్చుని మీరు తినడం.

పక్షవాతం వచ్చినవాళ్లకి ఏం పెడుతున్నామన్నదాని కంటే ఎలా పెడుతున్నామన్నది ముఖ్యం. వెన్ను నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి ఉండాలి, మింగారని చూశాకే రెండో ముద్ద. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. తింటూ దగ్గు వస్తున్నా, గొంతు నీళ్లలో మాట్లాడినట్టు వినిపిస్తున్నా డాక్టరుకి చెప్పాలి.

మంచంలో ఉన్నవాళ్లకి పుండ్లు పడకుండా ఏం చెయ్యాలి?

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మడమలు, నడుం కింద తోక ఎముక దగ్గర, తుంటి, మోచేతులు రోజూ వెలుతుర్లో చూడాలి. ఎర్రబడి, వేలితో నొక్కి తీసినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు, అక్కడ వేడిగా, గట్టిగా తగులుతుంది. ఆ చోట నూనె పెట్టి మర్దనా చెయ్యకండి. మన వాళ్లకి ప్రతిదానికీ కొబ్బరినూనె మర్దనా అలవాటు, ఇక్కడ అది చేటు చేస్తుంది. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానకూడదు.

తిప్పే ముందు చెప్పండి. "ఇప్పుడు కుడివైపుకి తిరుగుదామండీ, నేను భుజం పట్టుకుంటున్నాను." స్పృహలో లేనట్టున్నా చెప్పండి. డైపర్ మార్చేటప్పుడు తలుపు దగ్గరికి వెయ్యండి, పైన దుప్పటి ఉంచండి. ఇంటికొచ్చిన చుట్టాలు గదిలో నిలబడి ఉంటే బయటికి పంపండి, ఏమనుకుంటారో అని చూడొద్దు.

తిడుతున్నారు. గాజులు నేనే తీశానంటున్నారు. ఎంతవరకు భరించాలి?

మతిమరుపు ఉన్నవాళ్లు వస్తువు ఎక్కడో దాచి మర్చిపోతారు. దాచింది గుర్తుండదు కాబట్టి ఎవరో తీశారనే అనిపిస్తుంది, దగ్గరున్నది మనం కాబట్టి పేరు మనమీదికొస్తుంది. "నేను తియ్యలేదు" అని వాదిస్తే గొడవ పెరుగుతుంది. "అయ్యో, వెతుకుదాం పదండి" అనండి. నా అనుభవంలో గాజులు ఎక్కువగా దొరికేది బియ్యం డబ్బాలో. కానీ మన జాగ్రత్త మనకుండాలి. చేరిన రోజే ఒంటి మీద, బీరువాలో ఉన్న బంగారం ఇంటివాళ్లతో లెక్క చూసి రాయించుకోండి. తాళాలు మీ దగ్గర పెట్టుకోకండి.

జబ్బు లేని మనిషి తిడితే వేరు. నొప్పితో తిట్టేవాళ్లుంటారు, ఆ నొప్పికి మందు చూడాలి. అలవాటుగా తిట్టేవాళ్లుంటారు, వాళ్లకి మర్యాదగానే "అలా అనకండి" అని చెప్పాలి.

ఒళ్లు తడిమే మగవాళ్ల సంగతి కూడా అడుగుతారు, గొంతు తగ్గించి అడుగుతారు. మెదడు జబ్బుల్లో సిగ్గు బిడియం పోవడం నిజం. అది తెలిసినా మీరు ఓర్చుకోవాలనేం లేదు. వెంటనే చెయ్యి తీసేసి "వద్దండీ" అని గట్టిగా చెప్పండి, ఇంటివాళ్లకి ఆ రోజే చెప్పండి, మగ అటెండరుని పెట్టమనండి. అలా చేసేది ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న మగాడైతే జబ్బు మాటే లేదు. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం ఇళ్లలో పనిచేసేవాళ్లకి కూడా వర్తిస్తుంది, ఫిర్యాదుకి జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది.

మాకు వేరే గ్లాసు, వేరే కంచం పెడుతున్నారు. ఇది కూడా అర్థం చేసుకోవాలా?

కన్నకూతుర్ని కూడా ముట్టుకోకుండా మడి కట్టుకుని వంట చేసుకునే పెద్దావిడ అలవాటు ఒకటి. దాన్ని నేను పట్టించుకోను, ఆవిడ పూజ అయ్యేదాకా గుమ్మం అవతల కూర్చుంటాను. కులం అడిగి, నా ఒక్కదానికే గ్లాసు పెరటి గోడ మీద బోర్లించడం ఇంకోటి. ఒక ఇంట్లో ఎనిమిది నెలలు ఆ గ్లాసుతో తాగాను. ఇదే చేత్తో ఆయన నోట్లో ముద్ద పెట్టాలి, ఒళ్లు తుడవాలి. వంటింట్లో గ్లాసు మాత్రం ఈ చెయ్యి తాక్కూడదు. డబ్బు అవసరం, నోరెత్తలేదు. ఇప్పుడైతే మొదటి రోజే అడుగుతాను, మీరూ అడగండి. పెద్దాయన్ని కాదు, ఇంటి యజమానిని అడగండి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955 పౌరహక్కుల రక్షణ చట్టం, 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద శిక్ష ఉంది. అర్థం చేసుకోవాల్సిన వంతు ఇక్కడ మీది కాదు.

ఈ మధ్య ఎవరేమైనా నాకేమీ అనిపించడం లేదు. నేను చెడ్డదాన్నైపోయానా?

లేదు. అలిసిపోయారు. నాకూ వచ్చింది.

ఒక తాతగారికి రాత్రిళ్లు అయిదారుసార్లు ఒంటేలుకి లేపాలి. 24 గంటల డ్యూటీ, నెలాఖరుదాకా సెలవు లేదు. ఓ తెల్లవారుజామున సీసా తన్నుకుని పరుపంతా తడిసింది. నేను అరిచాను. ఏమని అరిచానో రాయను. ఆయన ఏమీ అనలేదు, తడిసిన దుప్పటి కొస తనే లాగి సర్దబోయాడు, వణికే చేత్తో. ఆ చెయ్యి చూశాక గానీ నేను ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. ఆ నెలలో నేను వరసగా మూడు గంటలు పడుకున్న రాత్రి ఒక్కటీ లేదు.

సహనం గుణం అంటారు గానీ, నా లెక్కలో అది చాలావరకు నిద్ర. భోజనం, సెలవు, సమయానికి చేతికొచ్చే జీతం కూడా. చీటికీమాటికీ విసుగు, పని మొదలవకముందే ఒళ్లు నొప్పులు, మనిషిని పేరుతో కాక "మంచం కేసు" అని చెప్పుకోవడం, ఇవి కనబడితే ఆగండి. రాత్రి డ్యూటీకి ఇంకొకరిని పెట్టమని అడగండి. ఇద్దర్ని పెట్టుకునే స్తోమత ఇంటివాళ్లకి లేకపోతే, వాళ్లలో ఒకరు వారానికి రెండు రాత్రులు పెద్దవాళ్ల దగ్గర పడుకోవాలి. ఒప్పుకునేవాళ్లు ఉంటారు. రెండు రాత్రులు చేసి చూసిన కొడుకు మర్నాటినుంచి మనతో మాట్లాడే తీరే మారిపోతుంది.

మేము అమెరికాలో ఉంటాం. నాన్నగారి దగ్గర మనిషిని పెట్టాం. కెమెరా పెట్టొచ్చా?

హాల్లో పెట్టుకోండి, ఆ సంగతి నాన్నగారికీ, పనిమనిషికీ ముందే చెప్పండి. పడగ్గదిలో పెట్టాలంటే నాన్నగారిని అడగండి. బాత్రూములో వద్దు. చెప్పకుండా పెట్టిన కెమెరా ఏదో ఒకరోజు బయటపడుతుంది, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ మామూలుగా ఉండరు.

మీకు రోజూ వచ్చే వాట్సాప్ మెసేజ్‌లో బీపీ ఎంత, షుగర్ ఎంత ఉంటాయి. వాటితో పాటు ఇవాళ నాన్నగారు దేనికి నవ్వారో అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలంటే కేర్‌టేకరు రోజంతా ఆయన మొహం చూడాలి. ఫోన్ పెట్టేసే ముందు "నువ్వు తిన్నావామ్మా" అని కూడా అడగండి.

పిల్లలందరూ అమెరికాలోనే ఉండరు. మన జిల్లాల నుంచి కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. నేను చూసుకున్న ఒక ముసలమ్మ కూతురు కువైట్‌లో అక్కడి ముసలమ్మకి స్నానం చేయిస్తుండేది. ఆ జీతంలోంచి ఇక్కడ నాకు జీతం పంపేది. శుక్రవారం సెలవు దొరికినప్పుడు వీడియో కాల్ చేసి, "అమ్మకి వీపు రుద్దేటప్పుడు మచ్చ దగ్గర జాగ్రత్త అక్కా" అనేది. ఏ మచ్చో నాకు చెప్పక్కర్లేదు. తనకీ నాకూ ఒకటే పని.

వరదొస్తుందంటే పెద్దవాళ్లని ఎలా సిద్ధం చెయ్యాలి?

గోదారి మధ్య లంకల్లో ఉన్నవాళ్లు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం వినాలి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నడవలేని మనిషి ఇంట్లో ఉంటే మొదటి హెచ్చరికకే కదలండి. పడవలోకి మంచాన్ని ఎక్కించడం ఎంత కష్టమో 2022 జూలైలో చూశాం. సంచిలో 15 రోజుల మందులు, చీటీలు, ఆధార్ ప్లాస్టిక్ కవర్లో, కళ్లద్దాలు, చెవి మిషను దాని బ్యాటరీలు, కట్టుడు పళ్ల డబ్బా, డైపర్లు, ఆయన రోజూ కప్పుకునే పాత దుప్పటి. చివరిది మర్చిపోకండి. కొత్త చోట ఆ వాసనే ధైర్యం.

తుపాను రాత్రి ఇంకో రకం. కోనసీమలో 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి గాలి హోరు ఇప్పటికీ మామూలు శబ్దం కాదు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తానంటే చెప్పనివ్వండి, పదోసారైనా. కిటికీ పక్కనుంచి మంచం జరిపి, టార్చి వాళ్ల చేతికివ్వండి.

పెన్షన్, హెల్ప్‌లైన్ లాంటివి ఏమున్నాయి?

ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పెన్షన్ 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000. ఒకటో తారీకున ఇంటికే తెచ్చిస్తారు. వేలిముద్రలు అరిగిపోయి మిషను పట్టకపోతే కంగారు పడనివ్వకండి, వేళ్లు తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించండి. డబ్బు వాళ్ల చేతికే ఇప్పించండి. ఎనిమిది 500 నోట్లు మూడుసార్లు లెక్కపెట్టుకుంటారు, మీరు తొందరపెట్టకండి. నెల మొత్తంలో వాళ్లు ఒకరికి ఇచ్చే స్థితిలో ఉండే రోజు అదే.

70 దాటినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, 2024లో పెట్టారు. పిల్లలు చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టొచ్చు, నెలకి 10,000 దాకా భరణం ఇప్పించే వీలుంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించే సెక్షనూ అందులోనే ఉంది. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567. కేర్‌టేకరుగా మీకు దెబ్బలు, పస్తులు కనబడితే మీరే ఫోన్ చెయ్యొచ్చు.

చూసుకున్న మనిషి చనిపోతే ఏడవొచ్చా?

ఏడవండి. ఏజెన్సీలు మర్నాడే ఇంకో ఇంటికి పంపిస్తాయి, అది నాకు నచ్చదు. కనీసం రెండ్రోజులు అడగండి. పెద్దకర్మకి పిలిస్తే వెళ్లండి. పిలవకపోతే, పిలవరు చాలాచోట్ల, ఆ రోజు ఏదో ఒక రేవు దగ్గర కాసేపు కూర్చుని రండి. నేను అలాగే చేస్తాను.

రేపే నా మొదటి డ్యూటీ. ఏం పట్టికెళ్లాలి?

రెండు జతల నూలు బట్టలు, జారని చెప్పులు, నెయిల్ కట్టర్, చిన్న టార్చి, నోటుబుక్కు, పెన్ను. గాజులు, ఉంగరాలు తీసేసి వెళ్లండి, ఎత్తేటప్పుడు వాళ్ల చర్మం గీసుకుంటుంది. డ్యూటీ గంటలు, సెలవులు, ఎక్కడ పడుకోవాలి, ఇంటిల్లిపాదికీ వంట మీ పనేనా కాదా అన్నవి లోపలికి వెళ్లే ముందే మాట్లాడి రాసుకోండి. మధ్యాహ్నానికి క్యారేజీ కట్టుకెళ్లండి. మొదటి రోజు తిన్నావా అని ఎవరూ అడగరు.